దెయ్యానికి చిరునామా

అక్టోబరు వచ్చేసరికి అమెరికాలో పబ్లిక్ లైబ్రరీలు నల్లకాయితాలూ నారింజరంగు కాయితాలూ కత్తిరించే పనిలో పడతాయి. టీనేజి పిల్లల చేత భయపెట్టే కవిత్వం రాయించడం, అట్టముక్కలతో గబ్బిలాలూ పుర్రెలూ చేయించడం, రెండు గంటల కార్యక్రమం, రుసుము లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మన పిల్లలు కూడా వెళ్ళొస్తుంటారు. ఆ ఫొటోలు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తే, ఇక్కడ రాజమండ్రిలో అమ్మమ్మలు చూసి "ఇదేం పాడు సరదానే తల్లీ" అని ఓ దండం బొమ్మ పెడతారు. నేను అమ్మమ్మల పక్షం కాదు. భయాన్ని పిల్లల చేతికిచ్చి ఆడుకోమనడంలో తప్పేం లేదనే నా నమ్మకం, ఇప్పటికీ. కాకపోతే ఆ ఆట గోదావరి డెల్టాలో ఆడినప్పుడు ఓ చిక్కు వస్తుంది. న్యూజెర్సీలో అది వస్తుందనుకోను. గుమ్మడికాయలో దీపం పెట్టినంత మాత్రాన అక్కడ పక్కింటావిడ మీద ఎవరూ అనుమానపడరు.

మన జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏటా వేసవిలో పిల్లలకి శిబిరాలు పెడతాయి. కథలు చదవడం, బొమ్మలు వెయ్యడం, కాయితాలతో ఏవో చెయ్యడం, చివర్లో బిస్కెట్ పాకెట్టు. అలాంటి ఒకదాంట్లో రెండు మధ్యాహ్నాలు కవిత్వం చెప్పమని నన్ను పిలిచారు. కాలవ ఒడ్డున ఉన్న శాఖా గ్రంథాలయం అది. ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో కాసేపట్లో మీకే తెలుస్తుంది. పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు ఇరవై చిల్లర మంది. 'కవిత్వం' అనగానే వాళ్ళ మొహాల్లో పదో తరగతి పద్యభాగం కనిపించింది. 'దెయ్యాల కవిత్వం' అన్నాక వెనక బెంచీలు ముందుకొచ్చాయి.

మన దగ్గర దెయ్యాలకి కరువేముంది? కొరివి దెయ్యం, కామినీ దెయ్యం, శాకినీ ఢాకినీ. పిల్లలు పేర్లన్నీ చెప్పారు, సగం యూట్యూబ్‌వి. నేను వాళ్ళకి ఒక్క ప్రశ్నే ఇచ్చాను: మీ దెయ్యానికి ఏం కావాలి? భయపెట్టడం దాని పని, సరే. ఎందుకు ఉండిపోయింది? పోవాల్సిన చోటికి ఎందుకు పోలేదు?

ఈ ప్రశ్న నా సొంతం కాదు. మన చావు ఇంట్లో రోజూ వినపడేదే. పాడెని మధ్యదారిలో దించి, చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు కదా, దింపుడు కళ్ళం దగ్గర. ఆ పిలుపులో ఉన్నది లేస్తాడన్న ఆశ ఒక్కటే కాదు. వెళ్ళేముందు ఏమైనా చెప్పాలా అన్న మర్యాద కూడా ఉంది. తర్వాత పిండం పెడితే కాకి రాదు. వచ్చినా గట్టు మీద కూర్చుని చూస్తుంటుంది, ముట్టదు. అప్పుడు కొడుకులూ కూతుళ్ళూ ఒకరి తర్వాత ఒకరు పైకే చెప్తారు: చెల్లి పెళ్ళి నేను చేస్తాను నాన్నా, అమ్మని నేను చూసుకుంటాను, ఆ పొలం గొడవ వదిలేస్తున్నాను. ఏదో ఒక మాట దగ్గర కాకి ముడుతుంది. నమ్మినా నమ్మకపోయినా, కోటిలింగాల రేవులో ఓ పూట నిలబడితే ఇది కనిపిస్తుంది. పోయినవాళ్ళకి ఓ అడగాల్సింది మిగిలిపోయింది, బతికున్నవాళ్ళు దాన్ని ఊహించి పలకాలి. పిల్లలకి కవిత్వం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలీదు. ఎదుటివాళ్ళు పలకలేని మాట నువ్వు ఊహించి పలకడం.

ఇక చేతిపని. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట ఇంకా ఆడే కుటుంబాలున్నాయి. తోలు మన వల్ల కాదు గనక పాత శుభలేఖలు పోగేశాం. (పెళ్ళికార్డు అట్ట ఎంత గట్టిదో దెయ్యం చేస్తేనే తెలుస్తుంది. వినాయకుడి బొమ్మ ఉన్న వైపు కత్తిరించనని ఒకమ్మాయి పట్టుపట్టింది. న్యాయమే.) కళ్ళకి చిల్లులు పొడిచి, పుల్ల అంటించి, పాత పంచె కట్టి, వెనకనుంచి ఫోన్ టార్చి. ఆముదం దీపం అయితే నీడ కదులుతుంది, టార్చి నీడ కదలదు. అయినా కరెంటు పోయిన మధ్యాహ్నం కిటికీలు మూసేస్తే ఇరవై మంది ఒక్కసారి ఊపిరి బిగబట్టారు.

ఆ రెండు రోజుల్లో వచ్చిన వాటిల్లో అన్నిటికంటే బాగున్న కవిత ఓ పదిహేనేళ్ళ కుర్రాడిది. ఎనిమిది లైన్లు. అందులో దెయ్యం లేదు. వాళ్ళ వీధి చివర ఒంటరిగా ఉండే ఓ ముసలావిడ ఉంది. ఆవిడ గుమ్మం ముందు మునగచెట్టు, ఆకుపచ్చ తలుపు, సాయంత్రం పూట పిల్లలు ఆ తలుపు దాటేటప్పుడు నోట్లో ఉమ్ము మింగకుండా పరిగెత్తడం. ఆవిడ చూసిన కోడిపిల్ల తెల్లారేసరికి మెడ వాల్చడం. ఆవిడ పేరు. ఆఖరి లైన్లో 'చిల్లంగి' అన్న మాట.

గోదావరి జిల్లాలవాళ్ళకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. మిగతా చోట్ల చేతబడి, బాణామతి అంటారు. ఎవరికో జ్వరం తగ్గదు, ఎవరి గేదో పాలివ్వదు, ఎవరి బిడ్డో పోతుంది. కారణం వెతుకుతారు. ఆ వెతుకులాట ఆగే ఇల్లు ఎప్పుడూ దాదాపు ఒకే రకంగా ఉంటుంది: ఒంటరి మనిషి, ఎక్కువగా వయసు మళ్ళిన మనిషి, వెనక నిలబడేవాళ్ళు లేని మనిషి, ఒక్కోసారి ఎవరికో కావాల్సిన ఓ సెంటు స్థలం ఉన్న మనిషి. తునివైపు మెట్టలోనో, రంపచోడవరం ఏజెన్సీలోనో చిల్లంగి నెపంతో మనిషిని చంపారన్న వార్త పేపర్లో జిల్లా పేజీలో చదివి టీ తాగేసిన ఉదయాలు మనందరికీ ఉన్నాయి. మంత్రం చదవకుండా పళ్ళు ఊడబెరికారన్న వార్తలూ చదివాం. కొరివి దెయ్యం వల్ల ఎవరూ చావలేదు. చిల్లంగి అన్న మాట వల్ల చచ్చారు.

చదివిన వెంటనే నాకు కలిగింది మెచ్చుకోలు. మునగచెట్టూ, ఉమ్ము మింగకపోవడమూ ఎక్కడా చదివి రాసేవి కావు. ఏ వర్క్‌షాపులోనైనా మేం చెప్పేది అదే కదా: గాల్లో రాయకండి, మీ వీధి రాయండి, తలుపుకి రంగుండాలి, చెట్టుకి పేరుండాలి. ఆ కుర్రాడు నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. కవితకి బలమిచ్చిన ప్రతి వివరమూ ఆవిడ ఇంటికి దారి చూపిస్తోంది. రాసింది బాగుండటమే ప్రమాదమైన చోట గురువు ఏం చెయ్యాలి?

మన పాతవాళ్ళు భయాన్ని రసాల్లో చేర్చారు. భయానక రసం గురించి చెప్తూ అభినవగుప్తుడు శాకుంతలం మొదటి అంకంలోని లేడిని తీసుకుంటాడు. దుష్యంతుడి రథం తరుముతుంటే వెనక్కి మెడ తిప్పి చూసుకుంటూ పరిగెత్తే లేడి. దాన్ని చూస్తున్న మనకి కలిగేది ఫలానా లేడి భయం కాదు, మన భయమూ కాదు, వేటగాడి మీద భయమూ కాదు అంటాడు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి అన్న ముళ్ళు ఊడిపోయి భయం ఒక్కటే మిగులుతుంది. అలా మిగిలినప్పుడే అది ఆస్వాదించదగ్గది. దాన్ని సాధారణీకరణం అన్నారు. ఇన్నాళ్ళూ ఇది నాకు పరీక్షలో రాసే మాటగానే ఉండేది. ఆ మధ్యాహ్నం అందులో ఒక నైతికమైన షరతు కూడా ఉందనిపించింది. చిరునామా ఉన్న భయం రసం కాదు, ఫిర్యాదు. దాన్ని చదివినవాళ్ళు చప్పట్లు కొట్టి ఊరుకోరు. లేచి ఆ ఇంటివైపు చూస్తారు.

కానీ ఇది మరీ సులువుగా కుదిరిన సమాధానం, నాకే అనుమానంగా ఉంది. తలుపు రంగు తీసేస్తే కవిత పోతుంది. చిరునామా లేని భయాలన్నీ కలిసి 'అర్ధరాత్రి, అమావాస్య, కీచురాళ్ళు' అయిపోతాయి. మిగతా పందొమ్మిది మందీ రాసింది దాదాపు అదే. లేడి మెడ తిప్పడం కూడా వివరమే కదా. కాళిదాసు దాన్ని తీసెయ్యలేదు. తేడా ఏమిటంటే, ఆ లేడిని వెతుక్కుంటూ ఎవరూ వెళ్ళలేరు. ఇంకో తేడా కూడా ఉంది, అది నాకు ఆలస్యంగా తట్టింది. అక్కడ భయం లేడిది. పరిగెత్తేది ఎవరో, భయం వాళ్ళది. మనవాడి కవితలో పరిగెత్తేది పిల్లలు. లోపల తలుపేసుకుని కూర్చున్నది ఆవిడ. నిజానికి ఆ వీధిలో భయపడాల్సినవాళ్ళెవరు?

వాణ్ణి పక్కకి పిలిచి ఇదే అడిగాను, వేరే మాటల్లో. మీరు పరిగెత్తుతుంటే లోపల ఆవిడకి ఏం వినపడుతుంది? ఆవిడ వైపునుంచి రెండు లైన్లు రాసి చూడు.

వాడు కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నన్ను తప్పించుకోడానికి కాదు. "అలా రాస్తే భయం పోద్దండి" అన్నాడు.

వాడన్నది నిజం. అంతకంటే సూటిగా ఆ సంగతి చెప్పిన విమర్శకుణ్ణి నేను చదవలేదు. లోపలి మనిషి మాట వినపడిన క్షణం ఆవిడ చిల్లంగి కాకుండా పోతుంది. ఆవిడ మాట వినపడనంత వరకే ఈ కవిత భయపెడుతుంది. అంటే, దెయ్యాన్ని గురించి నేనిచ్చిన ప్రశ్న 'దానికేం కావాలి' అన్నది ఈ కవితకి విషం. ఆవిడకేం కావాలో ఈ కవిత అడగలేదు, అడగనీదు కూడా.

గ్రంథాలయం ఆయన మంచివారు. "పేరు మార్చేస్తే సరిపోద్ది కదండీ, గోడ మీద పెట్టేద్దాం, కుర్రాడు సంతోషపడతాడు" అన్నారు. నగరంలో అయితే సరిపోయేదేమో. అంత ఊళ్ళో మునగచెట్టూ ఆకుపచ్చ తలుపూ చాలు, పేరు అదనం. నేను గోడ మీద పెట్టలేదు. కాయితం చింపలేదు, దిద్దలేదు, వాడి చేతికే ఇచ్చేశాను. ఇది సెన్సారే, ఇంకో పేరు వెతకను. రాసే హక్కు వాడిది. ప్రభుత్వ గ్రంథాలయం గోడ మీద, జిల్లా సంస్థ బ్యానరు కింద దాన్ని వేలాడదీసే హక్కు నాది కాదు. అలా వేలాడదీసిన కాయితానికి ఊరి దృష్టిలో ఓ సర్కారీ ముద్ర వస్తుంది. ఎవరో ఒకరు ఫొటో తీస్తారు.

ఈ సంగతి చెప్తే హేతువాది మిత్రుడొకాయన నామీద కోప్పడ్డాడు. కవితని పెట్టనందుకు కాదు, అసలు దెయ్యాల జోలికి వెళ్ళినందుకు. "వీరేశలింగం పుట్టిన జిల్లాలో, గ్రంథాలయంలో కూర్చుని, పిల్లలకి కొరివి దెయ్యాలు నేర్పుతావా?" అని. ఆ కోపానికి చరిత్ర ఉంది. 1898లో రాజమండ్రిలో నాళం కృష్ణారావు గారు మొదలుపెట్టిన పుస్తకాల గది పెరిగి గౌతమీ గ్రంథాలయం అయింది. ఈ నేల మీద గ్రంథాలయమంటే మొదట్నుంచీ సంస్కరణలో భాగం, కాలక్షేపం తర్వాత. వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' ధవళేశ్వరంలో మొదలవుతుంది. భూతవైద్యుల్నీ, బంగారం చేస్తామనే బైరాగుల్నీ ఎండగట్టడానికే ఆయన అంత కథ అల్లారు. ఆయనే ఇవాళ మా శిబిరానికి వస్తే పెళ్ళికార్డు దెయ్యాల్ని చూసి ఏమంటారో ఊహించడం కష్టం కాదు.

అయినా మిత్రుడితో నేను ఏకీభవించను. మేం చెప్పకపోతే పిల్లలకి దెయ్యాలు తెలీకుండా ఉంటాయా? వాళ్ళు 'విరూపాక్ష' చూశారు, అందరూ. 2023లో వచ్చిన సినిమా. చేతబడి చేస్తున్నారని ఓ జంటని ఊరు తగలబెట్టడంతో మొదలవుతుంది. ఆ దృశ్యం చూస్తే ఊరిది ఘోరమనే అనిపిస్తుంది. తర్వాత రెండు గంటలూ కథ నడిచేది మాత్రం చేతబడి నిజమే అన్న దారిలో. ఊరు చేసింది తప్పు, ఊరి అనుమానం మాత్రం తప్పు కాదు. పిల్లలు ఈ రెంటినీ కలిపి మింగుతారు. అంతకు ముందు తరానికి 'తులసిదళం' ఉంది. రాజోలులో పుట్టిన యండమూరి ఆంధ్రభూమి వారపత్రికలో కాష్మోరాని వదిలితే రాష్ట్రమంతా వారం వారం వణుక్కుంటూ కొనుక్కుంది. పశ్చిమగోదావరిలో పుట్టిన రంగనాయకమ్మ గారు ఆ నవలని దుయ్యబడుతూ ఏకంగా ఓ పుస్తకం రాశారు. ఈ వాదన మనకి గోదావరి రెండు గట్లకీ మధ్య ఇంటి గొడవ లాంటిది. నాకు ఇద్దరి మీదా గౌరవముంది. కాకపోతే ఆ వాదన ఎప్పుడూ 'దెయ్యాలున్నాయా లేవా' దగ్గరే తిరిగింది. నాకు పనికొచ్చే ప్రశ్న అది కాదు. దెయ్యాల్లేవని ఆ కుర్రాడికీ తెలుసు, అడిగితే నవ్వుతూ చెప్పాడు. చిల్లంగి మాత్రం వాడికి దెయ్యాల లెక్కలోది కాదు, వీధి లెక్కలోది.

ఇంకో కవిత గురించి చెప్పకపోతే నేను చెప్పింది సగమే అవుతుంది. ఓ అమ్మాయి పుష్కరాల రేవు మీద రాసింది. 2015 జులై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు, రాజమండ్రిలో తొక్కిసలాటలో 27 మంది పోయారు. ఆ పిల్లకి అప్పటికి ఊహ కూడా తెలీదు. ఆమె దెయ్యం రేవు మెట్ల మీద తన రెండో చెప్పు కోసం వెతుక్కుంటూ ఉంటుంది, ప్రతి పుష్కరానికీ వచ్చినవాళ్ళ కాళ్ళవైపే చూస్తూ. అంతే, ఇంకేం లేదు. ఇక్కడా చిరునామా ఉంది. రేవుకి పేరుంది, తారీకుంది. ఆ 27 మందికీ ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళల్లో మనుషులున్నారు. దీన్ని గోడ మీద పెట్టొచ్చా?

పెట్టాను. నా చిరునామా సిద్ధాంతం ఇక్కడ నిలవలేదని మీరనొచ్చు. నేను తూచింది చిరునామా ఒక్కటే కాదు మరి. చనిపోయిన మనిషిని దెయ్యం చేసినప్పుడు ఆ మనిషికి ఓ కోరిక, ఓ చూపు, ఓ కాలు తిరిగొచ్చాయి. రేవులో కాకికి మాటిచ్చే కొడుకులు చేసేదీ ఇలాంటిదే. బతికున్న ముసలావిణ్ణి చిల్లంగి చేసినప్పుడు ఉన్నవి పోయాయి. అయినా పూర్తి నిబ్బరంగా పెట్టలేదు. పోయినవాళ్ళ చెల్లెలో కొడుకో ఆ గదిలోకి వచ్చి చదివితే? గట్టు మీద పడ్డ ఆ చెప్పులు వాళ్ళు చూసినవే అయితే? ఆ అమ్మాయినే అడిగాను. "చదివితే ఏడుస్తారు. అది తప్పాండి?" అంది. ఏడవడం తప్పు కాదు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. ఏర్పాట్ల గురించి బోలెడు కాయితాలు కదులుతాయి. చెప్పు వెతుక్కునే దెయ్యం ఒకటి ఆ మెట్ల మీద ఉండటం అవసరమనే నాకనిపిస్తుంది.

1816లో జెనీవా సరస్సు దగ్గర వానకి బయటికి వెళ్ళలేక కొంతమంది స్నేహితులు తలా ఓ దెయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు. అందులో మేరీకి పద్దెనిమిదేళ్ళు. అంతకు ముందు సంవత్సరమే నెలలు నిండకుండా పుట్టిన ఆమె బిడ్డ పోయింది. ఆ ఆటలోంచి 'ఫ్రాంకెన్‌స్టైన్' వచ్చింది, 1818లో అచ్చయింది. పెద్ద పేరున్న కవులిద్దరు ఉన్న ఆ గదిలో, దెయ్యానికి ఏం కావాలి అన్న ప్రశ్నకి తెగించి జవాబు రాసింది ఆ టీనేజి పిల్లే. ఆమె రాక్షసుడు మాట్లాడతాడు, అధ్యాయాలకి అధ్యాయాలు. చదువుకుంటాడు. తలుపు అవతలనుంచి మనుషుల్ని చూసి, లోపలికి రానిస్తారా అని అడుగుతాడు. భయం పోయిందా? పోలేదు. కాబట్టి మా కుర్రాడి మాటకి జవాబు లేకపోలేదు. కాకపోతే ఆ జవాబు ఎనిమిది లైన్లలో పట్టదేమో, పదిహేనేళ్ళకి పట్టదేమో. వాడికి ఆ పుస్తకం సంగతి చెప్పాను. ఆ గ్రంథాలయంలో లేదు.

రెండో రోజు ఆఖరి గంటలో బ్రహ్మరాక్షసుడి మాట వచ్చింది. తన చదువు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పండితుడు చచ్చి బ్రహ్మరాక్షసుడవుతాడని, ఎవరైనా వచ్చి అడిగి నేర్చుకునేదాకా ఆ చెట్టు వదలడని నానుడి. మన దెయ్యాల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. దానికేం కావాలో స్పష్టంగా తెలుసు, ఇవ్వడం కూడా తేలిక. పిల్లలు వెంటనే చుట్టూ చూశారు. ఆ గదిలో గోడ వారన అద్దాల బీరువాలు నాలుగున్నాయి, నాలుగూ తాళం వేసి. అట్టలూడిన పుస్తకాలు అద్దంలోంచి కనిపిస్తున్నాయి. మన చిల్లంగి కుర్రాడు లేచి వెళ్ళి ఓ బీరువాకి చెవి ఆనించాడు. అందరూ నవ్వారు. వాడు వెనక్కి తిరిగి గ్రంథాలయం ఆయన్ని తాళంచెవి అడిగాడు. ఆయన సొరుగులన్నీ వెతికారు. పాత లైబ్రేరియన్ గారు రిటైరై వెళ్ళేటప్పుడు ఎక్కడో పెట్టే ఉంటారని, ఫోన్ చేసి కనుక్కుంటానని అన్నారు.